నల్లరాతి కింది వేడి: ముందుమాట

2009 జూన్‌లో ఐస్‌లాండ్ ఉత్తరాన, క్రాఫ్లా అగ్నిపర్వతం మీద ఒక రిగ్గు మొరాయించింది. నాలుగున్నర కిలోమీటర్ల లోతుకు వెళ్లాలని మొదలుపెట్టిన బావి అది. పేరు ఐడీడీపీ-1. రెండు కిలోమీటర్లు దాటాక తంటాలు మొదలయ్యాయి. గొట్టం ఇరుక్కునేది, తెగేది. పక్కకు మళ్లించి తవ్వితే దాదాపు అదే లోతున మళ్లీ ఇరుక్కునేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఆఖరుకు నీళ్లతోపాటు పైకి వచ్చిన రాతి పొడిలో గాజు ముక్కలు కనబడ్డాయి. అప్పటికప్పుడు చల్లారి గడ్డకట్టిన గాజు. బిట్, అంటే రాతిని తొలిచే మొన, వెళ్లి సుమారు 900 డిగ్రీల వేడిలో ఉన్న మాగ్మాలో దిగబడిందన్నమాట. లోతు దాదాపు 2,100 మీటర్లు. అంత పైన కరిగిన రాయి ఉందని అంతకుముందు ఆ కొండ మీద చేసిన ఏ సర్వే చెప్పలేదు. పోనీ ఎవరూ పట్టించుకోని కొండా అంటే, భూకంప మాపకాలు పెట్టి అంత శ్రద్ధగా విన్న అగ్నిపర్వతాలు ప్రపంచంలో చాలా తక్కువ.

ఈ పుస్తకం ఆ బావి దగ్గరే మొదలవుతుంది. విజయాలతో మొదలుపెట్టి, చిక్కులను చివరి అధ్యాయంలో నాలుగు పేజీలకు కుదించే పుస్తకాలు నేను చాలా చూశాను. రచయిత్రి ఆ దారి పట్టలేదు. అంత వినీ ఎందుకు వినబడలేదు అన్న ప్రశ్నను మొదటి పేజీలోనే పెట్టి, దానికి జవాబు వెతుక్కుంటూ పుస్తకమంతా నడిపింది. ముందుమాట రాయమని అడిగినప్పుడు, చదివాకే చెబుతానన్నాను. చదివాను. సంతోషంగా రాస్తున్నాను. సీస్మిక్ సర్వేల్లోనే జీవితం గడిపినవాణ్ణి కనుక, ఈ పుస్తకంలో ఏది ఎంత కష్టపడి తెలుసుకున్నదో నాకు తెలుసు.

అగ్నిపర్వత శిలల్లో సీస్మిక్ పద్ధతికి వచ్చే ఇబ్బంది ఏమిటో తెలియనివారికి కొంచెం చెప్పాలి. చమురు కోసం కృష్ణా గోదావరి బేసిన్‌లో సర్వే చేసినప్పుడు కింద ఉండేది చాలావరకు ఇసుకరాయి, బంకమట్టి పొరలు. పైన ఒక దెబ్బ కొడితే, లేదా చిన్న పేలుడు పేలిస్తే, తరంగం పొర పొరకీ కొంత తిరిగి వస్తుంది, కొంత కిందికి పోతుంది. తిరిగి వచ్చినదాన్ని జియోఫోన్లు పట్టుకుంటాయి. అవన్నీ పేర్చి, సవరించి, సెక్షన్ గీస్తే భూమిని నిలువునా కోసినట్టు కనబడుతుంది. బసాల్ట్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. లావా ఒక్కసారిగా పారి గడ్డకట్టింది కాదు. ఒక ప్రవాహం వచ్చి చల్లారుతుంది. దాని నడుమ భాగం గట్టిగా, ఇనుములా ఉంటుంది. పైభాగం గాలి బుడగలతో గుల్లగా ఉంటుంది. దాని మీద బూడిదో, ఎర్రమట్టో పరుచుకుంటుంది. ఆ పైన మరో ప్రవాహం. గట్టి రాతిలో పీ తరంగం, అంటే రాతిని నొక్కుతూ వదులుతూ సాగే తరంగం, సెకనుకు అయిదారు కిలోమీటర్లు పోతుంది. గుల్ల పొరలో అందులో సగానికి కూడా పడిపోవచ్చు. ఇలా గట్టిదీ గుల్లదీ పదుల కొద్దీ పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటే, తరంగంలో సింహభాగం మొదటి కొన్ని పొరల మధ్యే అటూ ఇటూ కొట్టుకుంటుంది. రికార్డులో ఆ ప్రతిధ్వనులే నిండిపోతాయి. లోతు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం వాటి కింద మునిగిపోతుంది. సన్నని వివరాలు చూపే ఎక్కువ పౌనఃపున్యాలు ముందే హరించుకుపోతాయి. మిగిలేది పది హెర్ట్జ్‌ల చుట్టూ ఉండే మొద్దు తరంగం. సెకనుకు అయిదు కిలోమీటర్ల వేగంలో పది హెర్ట్జ్‌ల తరంగానికి తరంగదైర్ఘ్యం 500 మీటర్లు. అందులో నాలుగో వంతు కన్నా పలచని పొరకు పై అంచు ఏదో, కింది అంచు ఏదో విడదీసి చెప్పడం కుదరదు.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు, దక్కన్ నల్లరాతి, అంటే బసాల్ట్ మీద రికార్డు చూసి తెలుసుకున్నది. మన దేశంలో లోతైన భూపటలాన్ని సీస్మిక్ తరంగాలతో చూసే ప్రయత్నం తెలుగునేల నుంచే మొదలైంది. 1972లో, సోవియట్ శాస్త్రవేత్తల సహకారంతో, నెల్లూరు జిల్లా కావలి నుంచి పడమటి తీరంలోని ఉడిపి దాకా దాదాపు 600 కిలోమీటర్ల రేఖ వెంట హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ పని చేపట్టింది. కె.ఎల్. కైలా గారి నాయకత్వం. ఆ రేఖ పాత గ్రానైట్లు, కడప శిలల మీదుగా పోయింది. ఆ తర్వాత అదే బృందం కొయనా ప్రాంతంలో దక్కన్ ట్రాప్ మీద అడుగుపెట్టేసరికి అసలు పరీక్ష ఎదురైంది. బసాల్ట్ కింద మెత్తని అవక్షేప శిలలు ఉంటే వాటిలో వేగం తక్కువ. మొదట చేరే తరంగాలను మాత్రమే చూసే పాత పద్ధతికి ఆ తక్కువ వేగపు పొర అసలు దొరకదు. తరంగం దాన్ని దాటవేసి వస్తుంది. రికార్డులో ఒకచోట తరంగం హఠాత్తుగా తెగిపోయి, కొంచెం ఆలస్యంగా మళ్లీ అందుకుంటుంది. ఆ తెగిన చోటును బట్టే కింద ఏదో దాగి ఉందని లెక్కకట్టాలి. ఉన్నదాన్ని బట్టి కాకుండా లేనిదాన్ని బట్టి చదవడం అక్కడ అలవాటైంది. ఆ తరం పెద్దల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి కనుక, రచయిత్రి క్రాఫ్లా గురించి రాసిన మూడో అధ్యాయం చదువుతుంటే నా సొంత ఊరి కథ చదువుతున్నట్టే అనిపించింది.

ఆ అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. 1975 డిసెంబరు నుంచి 1984 సెప్టెంబరు దాకా క్రాఫ్లాలో తొమ్మిదిసార్లు లావా పైకి చిమ్మింది. అదే సమయంలో అక్కడ భూతాప విద్యుత్ కేంద్రం కడుతున్నారు! 1977 సెప్టెంబరులో ఒక విచిత్రం జరిగింది. క్రాఫ్లాకు దక్షిణాన నామాఫ్యాట్ల్ దగ్గర ఆవిరి కోసం తవ్విన ఒక బోరు బావిలోంచి మాగ్మా ఎగజిమ్మింది. బావి లోతు 1,138 మీటర్లు. కొన్ని నిమిషాల పాటు నిప్పురవ్వలు లేచి, సుమారు మూడు టన్నుల గుల్లరాయి చుట్టూ పడింది. కొండ నుంచి పక్కకు, నేలలోని చీలికల వెంట మాగ్మా పారుతూ పోయి, దారిలో ఎదురైన బావిలోంచి తలెత్తిందన్నమాట. అగ్నిపర్వతం కింద ద్రవం ఎలా దారి చేసుకుంటుందో అంతకన్నా స్పష్టంగా ఏ సర్వే చూపించలేదు.

అలాంటి రోజుల్లో పాల్ ఐనార్సన్ అనే ఐస్‌లాండ్ భూకంప శాస్త్రజ్ఞుడు 1978లో ఒక వ్యాసం ప్రచురించాడు. రాతిని అడ్డంగా ఊపుతూ పోయే ఎస్ తరంగం ద్రవంలో ప్రయాణించలేదని డిగ్రీ విద్యార్థికి కూడా తెలుసు. ఐనార్సన్ ఆ చిన్న సూత్రాన్నే పట్టుకున్నాడు. క్రాఫ్లా చుట్టూ వచ్చే చిన్న భూకంపాల రికార్డులు ముందేసుకుని, ఏ భూకంపం నుంచి ఏ స్టేషన్‌కు వెళ్లిన తరంగంలో ఎస్ భాగం మాయమవుతోందో ఒక్కొక్కటే చూశాడు. కొన్ని దారుల్లో ఎస్ ఉంది, కొన్నింటిలో లేదు. లేని దారులన్నీ కాల్డెరా, అంటే అగ్నిపర్వతం నడుమ కుంగిన పెద్ద గుంట, కింద ఒకేచోట కలుసుకున్నాయి. ఆ నీడను బట్టి, సుమారు మూడు కిలోమీటర్ల లోతున మాగ్మా గది ఉందని తేల్చాడు. సూపర్ కంప్యూటర్ లేదు, వేల జియోఫోన్లు లేవు. ఓపికగా రికార్డులు చదవడమే. ఈ పుస్తకంలో రచయిత్రి ఆ రికార్డుల తీరును గీసి చూపించింది. ఎస్ రావలసిన చోట గీత దాదాపు చదునుగా, ఏమీ లేనట్టు సాగిపోతుంది. పక్క స్టేషన్ రికార్డులో అదే భూకంపం నుంచి ఎస్ పెద్దగా ఎగసి కనబడుతుంది. విద్యార్థులు ఈ రెండు గీతలను పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూడాలి. మిగతా పుస్తకం అంతా అక్కడి నుంచే అర్థమవుతుంది.

మరి ఇంత తెలిసినా 2009లో ఎందుకు తప్పారు? రచయిత్రి ఇచ్చిన జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నీడ చెప్పింది పెద్ద గది సంగతి. ఆ గదికి పైన, పక్కన, చిన్న చిన్న మాగ్మా ముద్దలు ఉండవచ్చు. తరంగదైర్ఘ్యానికి అందని చిన్న ముద్ద ఉన్నా లేనట్టే ఉంటుంది. పైగా క్రాఫ్లా ఎక్కువగా బసాల్ట్ కొండ. బావిలో తగిలింది రయోలైట్, అంటే సిలికా ఎక్కువగా ఉన్న వేరే రకం మాగ్మా. వేడి బసాల్ట్ పాత రాతిని కరిగిస్తే పుట్టిన ముద్ద అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. చిత్రంలో కనబడనిది లేదని అనుకోవడం మా వృత్తిలో అందరినీ ఎప్పుడో ఒకప్పుడు వెంటాడే ప్రమాదం. దానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

కథ అక్కడితో ఆగలేదు. ఆ బావిని మూసేయకుండా పరీక్షించారు. 450 డిగ్రీల వేడితో పొడి ఆవిరి బయటికి వచ్చింది. అంతవరకు ప్రపంచంలో ఏ భూతాప బావి నుంచీ అంత వేడి ఆవిరి రాలేదు. ఆ ఒక్క బావి నుంచే 30 మెగావాట్లకు పైగా విద్యుత్తు తీయవచ్చని అంచనా వేశారు. 2012లో ప్రధాన వాల్వు చెడిపోయి బావిని చల్లార్చవలసి వచ్చింది. విద్యుత్ కేంద్రానికి కలపనేలేదు. అయినా మాగ్మా పక్కనే ఉన్న ఆవిరిని వాడుకోవచ్చన్న ఆలోచనకు ఆ బావే పునాది. దాంతో, ఆ మాగ్మా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే చూడగలమా అన్న ప్రశ్న సీస్మిక్ శాస్త్రజ్ఞుల ముందుకు వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత వచ్చిన పద్ధతులను రచయిత్రి ఎంతో చక్కగా వివరించింది. వాటిలో రెండింటి గురించి నాకు ప్రత్యేకంగా చెప్పాలని ఉంది.

మొదటిది పీ, ఎస్ వేగాల నిష్పత్తి. రాయి పగుళ్లలో నీరు ఉంటే పీ వేగం పెద్దగా తగ్గదు, ఎస్ తగ్గుతుంది, కనుక నిష్పత్తి పెరుగుతుంది. అవే పగుళ్లలో నీరు పోయి ఆవిరి నిండితే పీ వేగమే ఎక్కువ పడిపోతుంది, నిష్పత్తి తగ్గుతుంది. కరిగిన రాయి ఉంటే ఎస్ కుప్పకూలి నిష్పత్తి పైకి లేస్తుంది. కాలిఫోర్నియాలోని ది గీజర్స్ క్షేత్రంలో ఏళ్ల తరబడి ఆవిరి లాగేసిన భాగంలో ఈ నిష్పత్తి ఏడాదికేడాది తగ్గుతూ రావడం 1990ల్లో గమనించారు. అక్కడి రాయి అగ్నిపర్వత శిల కాదు, గట్టి ఇసుకరాయి జాతిది. కానీ సూత్రం అదే.  క్రాఫ్లా మీద 2015లో వెలువడిన పరిశోధనలో, మాగ్మా తగిలిన చోటికి సరిగ్గా పైన ఈ నిష్పత్తి తక్కువగా ఉన్న భాగం ఒకటి బయటపడింది. అతిగా వేడెక్కిన ఆవిరి ఉంటే కనబడవలసిన లక్షణం అదే. బావి తవ్వకముందు ఈ చిత్రం ఉండి ఉంటే ఏమయ్యేదో అని చదివిన ప్రతివారికీ అనిపిస్తుంది.

రెండోది చిన్న భూకంపాలనే దీపాలుగా వాడటం. పేలుడు పైన పేల్చి కింద నుంచి వచ్చేదాన్ని వినడం మామూలు పద్ధతి. పైనున్న గుల్ల పొరల్లోనే శక్తి పోతోందన్నది బసాల్ట్‌లో అసలు బాధ కదా. చిన్న భూకంపం పుట్టేదే ఆ పొరల కింద. దాని తరంగం లోతున ఉన్న మాగ్మాకు తగిలి పైకి వచ్చేటప్పుడు ఆ చెడ్డ పొరలను ఒక్కసారే దాటుతుంది. 2020లో క్రాఫ్లా రికార్డులతో ఇలా చేసి, ఐడీడీపీ-1 పరిసరాల్లో బలమైన ప్రతిఫలనాలు చూపించారు. భూకంపాలు ఖర్చులేని దీపాలే కానీ మనకు కావలసిన చోట వెలగవు. అదొక్కటే లోపం.

భూకంపాలు ఎక్కడ ఆగిపోతాయో చూడటం కూడా అంతే ముఖ్యం. రాయి బాగా వేడెక్కితే పెళుసుతనం పోతుంది. విరగడానికి బదులు మెల్లగా సాగుతుంది. జపాన్‌లోని కక్కొండాలో 1995లో 3,729 మీటర్ల లోతుకు తవ్విన బావి అడుగున 500 డిగ్రీల వేడి చూశారు. అక్కడి చిన్న భూకంపాలు అంతకు చాలా పైనే ఆగిపోయాయి. వేడి రాతి పైకప్పు ఎక్కడుందో భూకంపాలే లోతు గీసి చూపిస్తాయి. ఇటలీలోని లార్డెరెల్లోలో లోతైన ఒక ప్రతిఫలనం ఏళ్లుగా ఊరిస్తూ వచ్చింది. దాని వైపు 2017లో 2.9 కిలోమీటర్ల దాకా తవ్వితే వేడి 500 డిగ్రీలు దాటింది గానీ, ఆ ప్రతిఫలనం అసలు దేనిదన్న చర్చ మాత్రం తెమల్లేదు.

బావిలోకి జియోఫోన్లు దించి వినే పద్ధతి గురించి, 2015లో రేక్యనెస్ ద్వీపకల్పంలో టెలిఫోన్ ఫైబర్ కేబుల్ 15 కిలోమీటర్ల మేర భూకంపాలను పట్టుకున్న సంగతి గురించి పుస్తకంలో వివరంగా ఉంది. గాజు తీగ వేడికి ఎలక్ట్రానిక్స్ కన్నా మెరుగ్గా తట్టుకుంటుంది కనుక భూతాప బావులకు అదే రేపటి పనిముట్టు అని రచయిత్రి అంటుంది. నాకూ ఆ ఆశ ఉంది.

పెద్దరికం కొద్దీ రెండు ఫిర్యాదులు. విద్యుత్ నిరోధకత సర్వేలకు ఈ పుస్తకంలో చోటు చాలలేదు. అగ్నిపర్వత భూతాప క్షేత్రాల్లో తవ్వే చోటు నిర్ణయించేటప్పుడు ఇప్పటికీ ముందు చూసేది మాగ్నెటోటెల్లూరిక్ సర్వేనే. వేడి నీరు రాతిని మార్చి బంకమట్టి చేస్తుంది. దాదాపు 200 డిగ్రీల లోపు ఏర్పడే స్మెక్టైట్ మట్టి విద్యుత్తును బాగా పోనిస్తుంది. ఇంకా వేడెక్కితే అది క్లోరైట్‌గా మారి మళ్లీ అడ్డుకుంటుంది. ఆ మట్టి టోపీ కిందే సాధారణంగా ఆవిరి ఉంటుంది. సీస్మిక్ ఒక్కదాన్నే నమ్మి బావి తవ్వమని నేను ఎవరికీ చెప్పను. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆవిరి నడిచేది చాలావరకు నిలువు పగుళ్లలో. పైనుంచి పంపిన తరంగం అడ్డుగా పరుచుకున్న పొరను చూపినంత బాగా నిలువు పగులును చూపలేదు. మనకు కావలసింది సరిగ్గా అదే. రచయిత్రి ఈ మాట చెప్పింది, కానీ ఒక పేరాలో చెప్పి వెళ్లిపోయింది. దానికి ఒక అధ్యాయం ఇవ్వవలసింది.

రెండో ఫిర్యాదు, మనిషి పుట్టించే భూకంపాల గురించి. నీటిని భూమిలోకి తిరిగి పంపినప్పుడు పాత పగుళ్లు జారవచ్చు. ఐస్‌లాండ్‌లోనే హెల్లిషేయ్ది విద్యుత్ కేంద్రం దగ్గర హూస్‌మూలిలో 2011లో నీరు పంపడం మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే 4 తీవ్రతకు దగ్గరగా భూకంపాలు వచ్చాయి. 2006లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 3.4 తీవ్రతతో వచ్చిన భూకంపం వల్ల ఆ ప్రాజెక్టే మూతపడింది. 2017లో దక్షిణ కొరియాలోని పొహాంగ్‌లో వచ్చినది 5.4. జనం గాయపడ్డారు, ఇళ్లు దెబ్బతిన్నాయి. దానికి భూతాప ప్రాజెక్టే కారణమని ఆ దేశ ప్రభుత్వం నియమించిన సంఘమే 2019లో తేల్చింది. బాసెల్, పొహాంగ్ రెండు చోట్లా రాయి గ్రానైట్ జాతిది కనుక పుస్తకం పరిధిలోకి రాలేదని రచయిత్రి నాకు చెప్పింది. నాకు అది సరిపోలేదు. ఊరి కింద ఏం జరుగుతోందో ఊరివాళ్లకు చెప్పడానికి పనికి వచ్చే జియోఫోన్లు కూడా ఇవే. ఆ బాధ్యత ఈ శాస్త్రం నుంచి వేరు కాదు.

తెలుగు పాఠకుడు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: మనకు అంత నల్లరాయి ఉంది కదా, ఆవిరి ఎందుకు లేదు? దక్కన్ లావా పారి దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్లయింది. ఆ వేడి ఎప్పుడో పోయింది. కొంకణ తీరంలో గణేశ్‌పురి, వజ్రేశ్వరి దగ్గర బసాల్ట్‌లోంచి ఉబికే వేడి ఊటలు లోతుకు దిగిన వాననీరు వేడెక్కి తిరిగి రావడం వల్ల వచ్చేవి. కింద మాగ్మా ఉందని కాదు. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ పెట్టిన 20 కిలోవాట్ల చిన్న భూతాప యూనిట్‌కు వేడి నీరు వచ్చేది గోండ్వానా ఇసుకరాయి పొరల నుంచి. అదీ అగ్నిపర్వతం కాదు. రచయిత్రి ఇవన్నీ ఉన్నదున్నట్టు రాసింది. లేని అగ్నిపర్వతాన్ని మన ఇంటికి తెచ్చి పాఠకుణ్ణి ఊరించలేదు. అది నాకు చాలా నచ్చింది.

ఇది చదవబోయే ఎమ్మెస్సీ విద్యార్థులకు ఒక మాట. మొదట మూడో అధ్యాయం చదవండి. ఆ తర్వాత మొదటికి రండి. లెక్కలున్న అయిదో అధ్యాయం దగ్గర ఆగిపోకండి, పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే రెండు సాయంత్రాల్లో కొరుకుడు పడుతుంది. పటాల్లో ఎర్రరంగు చూసి వేడి అనుకోకండి. అక్కడ ఎరుపంటే తరంగ వేగం తగ్గిందని మాత్రమే. అది వేడి వల్లనా, పగుళ్ల వల్లనా, మట్టి వల్లనా అని ప్రతిసారీ అడగండి.

రచయిత్రికి నా ఆశీస్సులతోపాటు ఒక పని కూడా అప్పగిస్తున్నాను. లద్దాఖ్‌లోని పూగా లోయలో మన ఇంజినీర్లు బావులు తవ్వడం మొదలుపెట్టారు. సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తున, గంధకం వాసన కొట్టే ఆ లోయలో కింద ఉన్న వేడి ఎంత లోతున ఉందో, ఏ పగులు వెంట పైకి వస్తోందో తేల్చాలంటే ఈ పుస్తకంలోని పద్ధతులన్నీ అక్కడ పరీక్షకు నిలవాలి. రాయి వేరు, ప్రశ్నలు ఇవే. రెండో ముద్రణ నాటికి ఆమె అక్కడికి వెళ్లి, ఆ రికార్డులు చదివి, ఒక అధ్యాయం రాసి తీసుకురావాలి. దానికి ముందుమాట కూడా నేనే రాస్తాను.